పుస్తకంలో సోఫీ, సినిమాలో సోఫీ



పిల్లలు పెద్ద తరగతులకి వచ్చాక మనకో చిక్కు వచ్చి పడుతుంది. "అమ్మా, ఈ పుస్తకం చదవక్కర్లేదే, సినిమా వుంది, చూసేస్తే సరిపోతుంది" అంటారు. మనమూ "పోనీలే, కథ ఒకటేగా" అని వూరుకుంటాం. కథ నిజంగా ఒకటేనా? ఈ వేళ దాని గురించే నాలుగు మాటలు చెప్పదలుచుకున్నాను. అన్ని పుస్తకాలూ తిరగేసి చెప్పేంత చదువు నాకు లేదు, నేను పదో తరగతితో ఆగినదాన్ని. అందుకని ఒక్క పుస్తకమూ, దాని మీద తీసిన ఒక్క సినిమా మాత్రమే తీసుకుంటాను.

పుస్తకం పేరు 'హౌల్స్ మూవింగ్ కాసిల్'. హౌల్ అనే మాంత్రికుడి కదిలే కోట అన్నమాట. ఇంగ్లండులో డయానా విన్ జోన్స్ గారు ఎదిగే వయసు పిల్లల కోసం 1986లో రాశారు. దాన్ని బొమ్మల సినిమాగా తీసిన ఆయన జపాను దేశపు హయావో మియజాకి, 2004లో. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ముందు సినిమా చూసింది, తరవాత బడి లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకుంది. రాత్రిళ్ళు నేను మర్నాటి కూరకి గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ కూచుంటే, అది ఇంగ్లీషులో చదివి నాకు తెలుగులో చెప్పేది. ఇరవైయొక్క అధ్యాయాలు. దగ్గర దగ్గర నెల్లాళ్ళు పట్టింది.

కథ జరిగేది ఇంగరీ అనే దేశంలో. అక్కడ మంత్రాలూ మాయలూ మనకి కూరల బజారున్నంత మామూలు. ఆ దేశంలో ముగ్గురు పిల్లల్లో పెద్దగా పుట్టడం దురదృష్టమట. ఎందుకంటారా? మన పేదరాశి పెద్దమ్మ కథల్లో చూడండి, ఏడుగురు కొడుకులుంటే రాజకుమార్తెని తెచ్చేది కడగొట్టువాడే. పెద్దవాళ్ళు ముందు బయలుదేరి ముందు దెబ్బతింటారు. మన సోఫీ ముగ్గురక్కచెల్లెళ్ళలో పెద్దది. కాబట్టి తనకేమీ కలిసిరాదని ముందే నిశ్చయించేసుకుంది. తండ్రి టోపీల దుకాణం నడిపేవాడు. ఆయన పోయాక చూసుకుంటే, పిల్లల బడి ఫీజులకే అప్పులపాలయ్యాడని తేలింది. సవతి తల్లి ఫానీ ఒక పిల్లని మిఠాయి కొట్టులో, మరొకదాన్ని మంత్రాలు నేర్పే ఒకావిడ దగ్గర పనికి కుదురుస్తుంది. సోఫీ మటుకు దుకాణంలోనే. పెద్దదానివి, రేపు ఇదంతా నీదేగా అంటుంది.

ఇక్కడొక చిన్న ఘట్టం వుంది. చిన్న చెల్లెలు మార్తా అక్కతో, నీ చేత జీతం బత్తెం లేకుండా పని చేయించుకుంటున్నారే అంటుంది. సోఫీకి అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. ఒకసారి ధైర్యం చేసి అడుగుతుంది కూడా. ఫానీ తియ్యగానే మాట్లాడి వాయిదా వేస్తుంది. ఆ సవతి తల్లి రాక్షసేమీ కాదు సుమండీ. పిల్లలంటే ప్రేమ వుంది. వున్నా, పని చేసేవాళ్ళ చేత పని చేయించుకోవటం ఎవరికి చేదు?

అది వింటూంటే నా చేతిలో చిక్కుడుకాయ అలాగే వుండిపోయింది. మా ముగ్గురిలోనూ నేనే పెద్దదాన్ని. అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. పదో తరగతి ప్యాసయ్యాక వంటిల్లు నా చేతికి వచ్చింది, చెల్లెళ్ళిద్దరూ కాలేజీకి వెళ్ళారు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నేనూ అడగలేదు. మా అమ్మాయి చదవటం ఆపి, "అమ్మా, నీకెవరైనా ఏమైనా ఇచ్చేవారా?" అంది. తరవాత పేజీ తియ్యమన్నాను.

ఇంతకీ సోఫీ టోపీలు కుడుతూ ఒంటరిగా వుండలేక వాటితో మాట్లాడుతూ వుంటుంది. నువ్వు పెట్టుకున్నావిడకి మంచి సంబంధం కుదురుతుందని ఒకదానితో, ఇంకోదానితో ఇంకోటీ. చిత్రం, అన్నట్టే జరుగుతూంటుంది! ఆ పిల్ల నోట్లో శక్తి వుంది. అది తనకే తెలీదు. బీడుభూముల మంత్రగత్తె ఒకనాడు బేరానికొచ్చినట్టు దుకాణానికొచ్చి, పద్దెనిమిదేళ్ళ పిల్లని తొంభై ఏళ్ళ ముసలమ్మగా మార్చి పోతుంది. పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకుండా నోరు కట్టేస్తుంది.

మనమైతే ఏం చేస్తాం, గుండెలు బాదుకుంటాం. సోఫీ అద్దంలో చూసుకుని, ఈ మొహమే నాకు నప్పిందన్నట్టు నిమ్మళిస్తుంది. రొట్టే జున్నూ మూటగట్టుకుని ఇల్లు వదిలి పోతుంది. కుర్రతనంలో వీధిలోకి వెళ్ళటానికే జంకిన పిల్ల, కొండమీద పొగలు కక్కుతూ తిరిగే మాంత్రికుడి కోటకి ఎదురు నిలబడి కర్ర ఆడించి ఆగమని గదమాయిస్తుంది. కోట ఆగుతుంది! లోపలికి పోయి, నేనిక్కడ పనిమనిషినని తనే చెప్పేసుకుని, పొయ్యిలో వున్న కాల్సిఫర్ అనే నిప్పు భూతం చేత తల వంచుకోబెట్టి దాని నెత్తిన మూకుడు పెట్టి వేపుడు చేస్తుంది. ఇంటి యజమాని హౌల్ ఏమో సోకులరాయుడు, స్నానాలగదిలో గంటలు గంటలు. కష్టం ఎదురైతే వెనక దారిన జారుకునే రకం. వాణ్ణి ఆ ముసలమ్మ కడిగేస్తూంటే మా అమ్మాయికి ఒకటే నవ్వు.

సినిమాలో ఇదంతా లేదా అంటే, చాలావరకు వుంది. కాల్సిఫర్ మీద మూకుడు పెట్టటం వుంది, ఇల్లు దులపటం వుంది, హౌల్ జుట్టు రంగు చెడిందని నానా యాగీ చెయ్యటం వుంది. కానీ సోఫీ కోటని ఆపదు. ఒక దిష్టిబొమ్మ వెళ్ళి కోటని ఆమె దగ్గరికి తీసుకొస్తుంది. చిన్న మార్పేగా అనుకుంటాం. టోపీలతో మాట్లాడటమూ, ఆ మాట ఫలించటమూ సినిమాలో లేవు. చెల్లెళ్ళలో ఒకతె మిఠాయి కొట్టులో ఒక్కసారి కనిపిస్తుంది, రెండోదాని మొహమే చూడం. జీతం గొడవ లేదు. అంటే సోఫీ ఎందుకంత అణిగిమణిగి వుండేదో, ఆ అణకువ కింద ఎంత కోపం వుందో చెప్పే సంగతులే జారిపోయాయన్నమాట. చివర్లో కాల్సిఫర్ బతకాలని సోఫీ నోరారా కోరుకోవటం సినిమాలోనూ వుంది. పుస్తకం చదివినవాళ్ళకి ఆ మాటకి బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. సినిమా మాత్రమే చూసినవాళ్ళు అది ప్రేమ మహిమ అనుకుంటారు.

హౌల్‌కీ కాల్సిఫర్‌కీ వున్న సంబంధం మనకి బోధపడటానికి పెద్ద కష్టం లేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో వుంటుంది కదా. ఇక్కడ హౌల్ గుండె నిప్పులో వుంటుంది. చిన్నప్పుడు రాలిపోతున్న నక్షత్రాన్ని చూసి జాలిపడి, దాన్ని బతికించటానికి తన గుండె ఇచ్చేశాడు. అదే కాల్సిఫర్. ఫకీరు భద్రంగా వుండటానికి దాచుకున్నాడు, వీడు దయ కొద్దీ పోగొట్టుకున్నాడు. ఈ భాగం రెండింటిలోనూ బాగుంది. నక్షత్రాలు నీళ్ళమీద రాలే దృశ్యం తెరమీద చూడవలసిందే.

మరి మియజాకి గారు తీసేసిన చోట ఏం పెట్టారు? యుద్ధం. పుస్తకంలో రాజుగారికి పొరుగు దేశాలతో యుద్ధం వచ్చేలా వుందన్న మాట వచ్చి పోతుందంతే. సినిమాలో ఆకాశం నిండా యుద్ధవిమానాలు, వూళ్ళు తగలబడటం, హౌల్ పక్షిగా మారి రాత్రంతా ఎగిరి గాయాలతో ఇంటికి రావటం. ఆయన 1941లో పుట్టారు. వాళ్ళ కుటుంబానికి విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ వుండేది. నాలుగేళ్ళ వయసులో బాంబులు పడుతూంటే ఇంట్లోవాళ్ళతో పారిపోయిన జ్ఞాపకం ఆయనది. పెద్దయ్యాక 2003లో ఇరాక్ మీద యుద్ధం వచ్చినప్పుడు ఆయనకి విపరీతమైన కోపం వచ్చింది. ఆ ఏడు ఆయన వేరే సినిమాకి ఆస్కార్ బహుమానం ఇస్తే తీసుకోవటానికి అమెరికా వెళ్ళలేదు. ఆ కోపమంతా ఈ సినిమాలోకి వచ్చింది. జోన్స్ గారు 1934లో పుట్టారు. ఆవిడ చిన్నతనమూ అదే యుద్ధంలో గడిచింది. కానీ ఆవిడ దెబ్బలాటలన్నీ ఇంట్లో పెట్టారు, గదులూ బూడిదా సబ్బునురగా మధ్య. ఇంకో సంగతి. ఆవిడా ముగ్గురక్కచెల్లెళ్ళలో పెద్దావిడే. తండ్రి పరమ పిసినారి, పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసి, ముగ్గురికీ కలిపి ఏడాదికొకటి చొప్పున బయటికి తీసేవాడట. చదవటానికి పుస్తకాల్లేక ఆ అమ్మాయి నోటు పుస్తకాల్లో తనే కథలు రాసి చెల్లెళ్ళకి చదివి వినిపించేదట.

ఇక సినిమా పుస్తకాన్ని మించిపోయిన చోటు చెప్పకపోతే అన్యాయమవుతుంది. రాజుగారి మేడ మెట్ల దృశ్యం. సోఫీ, ఆమెని శపించిన మంత్రగత్తె, ఇద్దరూ ఒకేసారి ఆ మెట్లెక్కాలి. మంత్రగత్తె పల్లకీ మోసేవాళ్ళు మాయతో తయారైనవాళ్ళు, మేడ దగ్గరికొచ్చేసరికి కూలబడిపోతారు. ఆ భారీ మనిషి చెమటలు కారిపోతూ, మొహం రంగులు కరిగిపోతూ, ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది. పక్కనే సోఫీ, చంకలో ఒక ముసలి కుక్కతో, ఆయాసపడుతూ. శత్రువులిద్దరూ ముసలాళ్ళే. ఇద్దరికీ మోకాళ్ళ నెప్పులే. అది పుస్తకంలో లేదు. పైన ఆ మంత్రగత్తె శక్తులన్నీ లాగేస్తారు, ఆమె మతి చెడిన ముసలమ్మ అయిపోతుంది. సోఫీ ఆమెని ఇంటికి తీసుకొచ్చి కూచోబెట్టి చెంచాతో తినిపిస్తుంది. తనని పాడు చేసిన మనిషికి! పుస్తకంలో ఆ మంత్రగత్తె చివరిదాకా దుష్టురాలే, అలాగే అంతమవుతుంది. మంచాన పడ్డ పెద్దవాళ్ళకి చాకిరీ చేసినవాళ్ళెవరైనా సరే, వాళ్ళు ఒకప్పుడు మనల్ని ఎన్ని మాటలన్నా అన్నవాళ్ళే కావచ్చు, ఆ చెంచా చూస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ముసలితనం కూడా రెండింట్లో రెండు రకాలు. తెరమీద సోఫీ మొహం క్షణానికోలా వుంటుంది. నిద్రపోతే పడుచుపిల్ల. ధైర్యంగా మాట్లాడితే ముడతలు తగ్గుతాయి. పూలతోటలో హౌల్ నువ్వు అందంగా వున్నావంటే, తన్ను తాను తక్కువ చేసుకుని మాట్లాడుతుంది, చూస్తూండగానే ముడతలు తిరిగొస్తాయి. ఇది మాటల్లో చెయ్యటం కష్టం. జపాను భాషలో పడుచు సోఫీకీ ముసలి సోఫీకీ గొంతు ఇచ్చింది కూడా ఒకావిడే, చియెకో బైషో అని అరవై దాటిన నటి. మైకు ముందు కూచునే అలవాటున్న దాన్ని కనక నాకది గొప్పగా తోచింది.

పుస్తకంలో అయితే సోఫీ చివరిదాకా ముసలమ్మే. మాయలో వున్న పిల్లని హౌల్ మొదటే కనిపెట్టాడు. ఆమెకి తెలియకుండా ఆ శాపం తీద్దామని చాలాసార్లు ప్రయత్నించాడు. వల్లకాలేదు. ఈ వేషం ఈవిడకే ఇష్టంలాగుంది, తనే వదలటం లేదు అని వూరుకున్నాడు. అది విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నాకేం తెలుసు, నేను పెద్దదాన్ని, నా బతుకింతే అంటూ ఎన్నేళ్ళు కూచున్నానో, అందులో ఎవరి శాపమెంతో నా పట్టుదలెంతో ఇప్పుడు తేల్చటం కష్టం.

వదిలేసినవి ఇంకా వున్నాయి. పుస్తకంలో కోట తలుపు నాలుగు చోట్లకి తెరుచుకుంటుంది. నల్ల రంగు వైపు తిప్పితే వచ్చేది నిజంగా వున్న వేల్స్ దేశం. అక్కడ హౌల్‌కి ఒక అక్క వుంది, ఉద్యోగం సద్యోగం లేదని దులిపేస్తుంది. సినిమాలో నల్ల రంగు వైపు చీకటీ యుద్ధమూ తప్ప అక్కగారు లేరు. నాకు ఆవిడ లేని లోటు కనబడింది. అన్నట్టు, ఇలాంటి కోట మీద కథ రాయమని జోన్స్ గారిని అడిగింది ఆవిడ ఒకసారి వెళ్ళిన బడిలో ఒక పిల్లాడు. పేరు రాసుకుని, ఆ కాగితం పోగొట్టుకున్నారట. ఆ సంగతి పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నారు. ఆవిడ 2011లో పోయారు. మియజాకి సినిమా ఆవిడకి నచ్చింది. మార్చేశారని పోట్లాడలేదు.

మరి పిల్లలకి ఏది ముందు? నన్నడిగితే పుస్తకమే. ఆయన బొమ్మలు కంట్లో పడ్డాక ఇక వేరే బొమ్మ రాదు. మా అమ్మాయి సంగతి చూడండి, పుస్తకంలో హౌల్ పిరికితనం చూపినప్పుడల్లా, "సినిమాలో ఇలా లేడు" అని మొహం ముడుచుకునేది. అది మాత్రం ఇప్పటికీ సినిమాదే పైచెయ్యి అంటుంది. నేను ఒప్పుకోను. ఆ మెట్ల దృశ్యం వరకు మరోసారి వెయ్యమన్నాను, వేసింది.

జోన్స్ గారు 1990లో దీనికి తరవాయి రాశారు, 'కాసిల్ ఇన్ ది ఎయిర్' అని. సోఫీ అందులోనూ వస్తుందట. దానికి సినిమా లేదు కనక మా అమ్మాయికి చదవక తప్పదు. శనివారం మొదలుపెడతామని చెప్పింది. చిక్కుళ్ళు కాస్త ఎక్కువే తెప్పించాను.