యుద్ధ విమానాల్లో మన కాకిబంగారం

ఆత్మకూరు: ఉదయగిరి దుర్గాన్ని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడు ఏడాదికి పైగా ముట్టడి వేయవలసి వచ్చింది. 1514లో గాని కోట స్వాధీనం కాలేదు. ఆ యుద్ధంలో కొండ ఎత్తే బలం. 1941-45 మధ్య పసిఫిక్ సముద్రంపై జరిగిన యుద్ధంలో ఆకాశం ఎత్తు బలమైంది. అంత ఎత్తున విమానం ఇంజను ఆగకుండా తిరగడానికి, రేడియో పలకడానికి కావలసిన సరుకు అభ్రకం. మన పిల్లలు ఏరుకుని ఆడుకునే కాకిబంగారమే అది.

గూడూరు మొదలు ఆత్మకూరు దగ్గరి సంగం దాకా కొడవలి ఆకారంలో దాదాపు 100 కిలోమీటర్ల పొడవున అభ్రకం భూములున్నాయి. నేటి జార్ఖండ్ ప్రాంతపు అభ్రకం ఎర్రన, నెల్లూరుది ఆకుపచ్చన. యుద్ధకాలంలో భారతదేశపు అభ్రకాన్ని కొనడానికి బ్రిటన్, అమెరికాలు కలిసి 1942లో ఉమ్మడి సంస్థనే ఏర్పాటు చేశాయి.

అభ్రకం గుండా కరెంటు పారదు. వేడికి చెడదు. కాగితం కన్నా పలుచని పొరలుగా చీలుతుంది. అందుకే ఆనాటి విమానాల స్పార్కు ప్లగ్గులలో, రేడియో, రాడార్ల కండెన్సర్లలో దాన్ని వాడారు. ఎండలోనూ చలిలోనూ దాని గుణం మారదు.

యుద్ధం తొలినాళ్లలో జపాన్ వారి జీరో విమానానిదే పైచేయి. తేలికగా ఉండి చటుక్కున మలుపు తిరిగేది. 1942 ఏప్రిల్ 5న కొలంబోపై బ్రిటిష్ విమానాలను అది చిత్తు చేసింది. మరునాడే ర్యూజో నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి.

అయితే జీరోకు కవచం లేదు, పెట్రోలు ట్యాంకుకు రక్షణ లేదు. రేడియో సరిగా పనిచేయదని కొందరు పైలట్లు దాన్ని తీసివేసి ఎగిరేవారు. తర్వాత వచ్చిన అమెరికా హెల్‌క్యాట్‌కు 2,000 అశ్వశక్తి ఇంజను, 18 సిలిండర్లు, సిలిండరుకు రెండేసి చొప్పున 36 ప్లగ్గులు. 1944 జూన్ 19న మరియానా దీవుల వద్ద శత్రువుల రాకను రాడార్ ముందే పసిగట్టింది. రేడియోలో దారి చెబుతుంటే హెల్‌క్యాట్లు ఎదురెళ్లాయి. ఆ పోరులో జపాన్ 300కు పైగా విమానాలను పోగొట్టుకుంది. ఒంటరి వేగాన్ని కలిసికట్టు పోరాటం ఓడించింది.

యుద్ధం ముగిశాక అభ్రకానికి గిరాకీ పడిపోయింది. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అభ్రకం ఉండేది తెల్లరాయి నడుమ. ఆ రాయికి తూట్లు పొడిచేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. పోయిన ఊపిరితిత్తులను బాగుచేసే మందు లేదు. ఈ మధ్య తెల్లరాయికి మళ్లీ గిరాకీ వచ్చింది. రాయిని తడిపి పని చేయించడం, ముక్కుకు తగిన రక్షణ ఇవ్వడం యజమానుల బాధ్యత. దాన్ని అడిగి తీసుకోవడం కూలీల హక్కు. నీళ్లు నిలిచిన పాత గుంతల వైపు పిల్లలను, పశువులను పోనివ్వరాదు.