పేట మారితే బెంగ ఎవరిది?

ఈ మధ్య మన రచయితల చేతుల్లో హైదరాబాదు పేటల జ్ఞాపకాలు బాగా పెరిగాయి. కవితలుగా, కథలుగా, ఆత్మకథా శకలాలుగా వస్తున్నాయి. వరసగా చదివితే ఒక సంగతి తేలిగ్గానే పట్టుబడుతుంది. రాసింది ఎవరైనా, పేట ఏదైనా, గుర్తుకొచ్చేవి మాత్రం అవే: ఇరానీ హోటలు చాయ్, ఉస్మానియా బిస్కట్టు, డబుల్‌డెక్కరు బస్సులో పై అంతస్తు ముందు సీటు, సినిమాహాలు దగ్గర టిక్కెట్ల క్యూ, పెంకుటింటి వాకిట్లో జామచెట్టు. ఇవేవీ అబద్ధాలు కావు. నేనూ ఆ చాయ్ తాగినవాణ్ణే. అయితే ఇవన్నీ ఒక మనిషి డబ్బిచ్చి కొనుక్కున్నవో, తీరిక వేళ అనుభవించినవో. చాయ్ కాచినవాడికి, బస్సు నడిపినవాడికి, ఆ వాకిలి ఊడ్చిన మనిషికి అదే పేట ఎట్లా గుర్తుందన్న ప్రశ్న ఈ రచనల్లో దాదాపు రాదు. నేను చర్చించదలచుకున్నది ఆ ప్రశ్ననే.

'నోస్టాల్జియా' అన్న మాటను 1688లో జొహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి తన పరిశోధనా వ్యాసం కోసం తయారుచేశాడు. ఇల్లు చేరడం, నొప్పి అని అర్థమిచ్చే రెండు గ్రీకు మాటల కలయిక అది. సొంత ఊరికి దూరమైనవాళ్ళకు వచ్చే జబ్బుకు ఆయన పెట్టిన పేరు. మనకు అంతకన్నా మంచి మాట ఉంది, బెంగ. పిల్లవాడు బెంగపెట్టుకుంటే ఒళ్ళు వెచ్చబడుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అయితే పేట మీది బెంగకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ మనిషి ఎక్కడికీ పోలేదు. నేను నలభై ఏళ్ళకు పైగా చిక్కడపల్లిలో అద్దెకుంటున్నాను. ఆరిళ్ళు మారాను గాని పేట దాటలేదు. పేటే నా చుట్టూ వేరే పేటయింది.

చిక్కడపల్లి నుంచి ఆర్.టి.సి. చౌరస్తా మీదుగా ఆజమాబాదుకు అరగంట నడక. ఆ దారిలోనే నగరం మారిన తీరు చాలావరకు కనిపిస్తుంది. చౌరస్తాలో సుదర్శన్ 70 ఎం.ఎం. లేదు. పాత ఓడియన్ పోయి దాని చోట మాల్ వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న చిక్కడపల్లి మీదుగా మెట్రో రైలు మొదలైంది. 2023 ఆగస్టు 19న ఇందిరాపార్కు నుంచి వి.ఎస్.టి. వైపు ఉక్కు వంతెన తెరిచారు. అది మెట్రో పట్టాలకు కూడా పైనుంచి పోతుంది. జనం సినిమాలు చూడటం మానేశారు గనక హాళ్ళు పోయాయని చాలామంది రాస్తారు. అది సగం మాట. హాలు కింద ఉన్న నేల ధర, ఆ నేల మీద అమ్మగలిగే టిక్కెట్ల లెక్కను దాటిపోయింది. తక్కిన సగం అది.

ఆజమాబాదు కథ ఇంకా స్పష్టం. నిజాం కాలంలో ఆయన కుమారుడు ఆజం జా పేరున వెలసిన పారిశ్రామిక ప్రాంతం అది. వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, దాని చార్మినార్ సిగరెట్లు తెలియనివాళ్ళు ఒక తరంలో లేరు. కార్ఖానాలకు స్థలాలు లీజు మీద ఇచ్చారు. 1992 నాటికి ఆ లీజుల రద్దుకు, నియంత్రణకు ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. అంటే పేచీ అప్పటికే ఉత్పత్తి మీద కాదు, నేల మీద. పని తగ్గితే నేల ఖాళీ అయిందా, నేల ధర పెరిగితే పని ఖాళీ అయిందా అంటే, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయనే నేను చెబుతాను.

మా వీధిలో ఒక ముసలమ్మ ఉంది. భర్త అటు ఒక కార్ఖానాలో పనిచేసేవాడు, తాను నాలుగిళ్ళలో అంట్లు తోమేది. పాత చిక్కడపల్లి ఎంత బాగుండేదో అని ఒకసారి ఆమె దగ్గర అన్నాను. "పాత దినాలు మంచిగుండెనని ఎవలు జెప్పిన్రు సారూ? పొద్దుగాల నాలుగ్గొట్టంగ నల్లాకాడ బిందెలు వెట్టినోళ్ళనడుగు" అంది. జామచెట్టు ఆమెకూ గుర్తుంది, రాలిన ఆకులు ఊడ్చింది గనక. కాని ఆమెకూ ఒక బెంగ ఉంది. ఏడో తారీఖు మీద బెంగ. ఆరోజు జీతం వచ్చేది. భర్త ఫలానా కార్ఖానాలో పర్మనెంటు అంటే చాలు, కిరాణం సేటు ఖాతా తెరిచేవాడు. నెల పొడుగునా బియ్యం, నూనె, పప్పు ఆ ఖాతా మీద వచ్చేవి. కార్ఖానా మూతపడ్డ నెలలోనే ఖాతా కూడా మూతపడింది. సేటు చెడ్డవాడేమీ కాదు, ఆమె పెళ్ళికి వచ్చినవాడే.

మన రచనల్లో 'ఆ రోజుల ఆత్మీయత' అని కనిపించే దాంట్లో చాలా భాగానికి మూలం ఇక్కడుంది. దుకాణదారు పేరు పెట్టి పిలవడం, పిల్లవాడి చేతికి బెల్లం ముక్క పెట్టడం మనుషుల మంచితనం వల్లనే జరగలేదు. నెలనెలా జీతం, కదలని ఉద్యోగం, పెద్దగా పెరగని అద్దె వాటికి పునాది. పునాదిని వదిలేసి బెల్లం ముక్కను మాత్రమే వర్ణిస్తే, మనుషులు ఎందుకో చెడిపోయారన్న నింద మిగులుతుంది. పాపం, ఆ నింద పడేది కూడా కొత్తగా వచ్చిన అద్దెవాళ్ళ మీదే.

అయితే మన విమర్శకులకు ఒక అలవాటుంది. బెంగ కనబడగానే 'భూస్వామ్య వ్యామోహం' అని ముద్రవేసి పక్కన పెడతారు. ఇది సోమరితనం. ముసలమ్మ కోరుతున్నది దేవిడీల వైభవం కాదు, జీతం రోజు. ఉన్న హక్కు పోయిందన్న ఎరుక ఆ బెంగలో ఉంది. ఇంటివాడి బెంగ, అద్దెవాడి బెంగ, పనిమనిషి బెంగ ఒకటి కావు. వాటిని విడదీసి చూపడమే విమర్శ పని.

మరచిపోవడంలోనూ ఈ తేడా ఉంది. ముషీరాబాదు మీద నేను చదివిన జ్ఞాపకాల్లో మృగశిర కార్తె నాటి చేపల రద్దీ ఉంటుంది. జైలు గోడ ఉండదు. భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరితీసింది ఆ గోడల వెనుకనే. జైలు తీసేసిన స్థలానికి 2003లో గాంధీ ఆసుపత్రి తరలివచ్చింది. ఆసుపత్రి రావడం మంచిదే, ఆ గోడ కోసం ఎవరూ ఏడవనక్కరలేదు. కాని పేటను రాస్తున్నానన్నవాడి పేజీలో అది ఎందుకు లేదు? పక్కనే భోలక్‌పూరులో 2009 మే నెలలో కలుషితమైన నల్లా నీళ్ళు తాగి పలువురు చనిపోయారు. పాత ఇరుకు బస్తీల అందం గురించి రాసేవాళ్ళు ఆ గొట్టాల గురించి కూడా రాయాలి.

ప్రేమతో రాస్తే ఇవన్నీ చెప్పలేమన్న భయం అక్కరలేదు. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథల్లో పాత హైదరాబాదు మీద ఎంత మమకారం ఉందో, 1948 నాటి భయమూ అంత ఉంది. రెంటినీ ఆయన ఒకే ఇంట్లో, ఒకే కుటుంబంలో పెట్టి చూపగలిగారు.

విద్యార్థి మిత్రులు నన్ను అడుగుతుంటారు, మరి ఎక్కడ మొదలుపెట్టాలి అని. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళమంటాను. అక్కడ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దుననగా వచ్చి కూర్చుంటారు, జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో ముగ్గురు నలుగురుగా ఉంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత వీళ్ళకూ ఈ పేట మీద బెంగ ఉంటుంది. ఆ గది అద్దె ఎంత, మెస్సులో భోజనం ఎంత, నోటిఫికేషను రాని ఏడు ఎట్లా గడిచింది అన్నది ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. అప్పటికి చాయ్ ఒక్కటే గుర్తుంటుంది. ఉక్కు వంతెనకు కార్మిక సంఘ నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. దాని కింద రాత్రి పదింటికి సంఘం లేని కుర్రాళ్ళు సంచులు తగిలించుకుని, బండ్లు ఆపి, ఫోనులో తరువాతి ఆర్డరు కోసం చూస్తుంటారు. వాళ్ళను ఎవరైనా పలకరించి రాశారా అని నేను వెతుకుతున్నాను.