పంతుళ్లు నేర్పిన ఉపన్యాసం

తెలుగులో రాజకీయ ఉపన్యాసం బడిపంతుళ్ల నోట పుట్టిందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. ఆ పుట్టిన చోటు మాత్రం కడియానికి పక్కనే. ఇక్కడ ప్యాసింజరు ఎక్కితే అరగంట లోపే రాజమండ్రి.

1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్‌చంద్ర పాల్ ఈ రైలు దారి వెంబడే ఊరూరా సభలు పెడుతూ రాజమండ్రి చేరారు. బెంగాల్ విభజన మీద మంట ఇంకా చల్లారని రోజులు. పాల్ మాట్లాడింది ఇంగ్లిష్‌లో. ఆ ఇంగ్లిష్ అర్థమయ్యేది ప్లీడర్లకు, ఉద్యోగస్తులకు, కాలేజీ కుర్రాళ్లకు. మిగతా జనం కోసం ఎప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పే బాధ్యత చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి మీద పడింది. ఆయన నాటకాలు రాసేవారు, బడి నడిపేవారు. చూపు అంతంతమాత్రం. ఆ సభల్లోనే ఒక తేటగీతి ఆశువుగా చెప్పారు. దేశం పాడియావు, జనం మూతులు బిగించిన లేగదూడలు, పాలు పిండుకుంటున్నవాడు తెల్లవాడు అన్నది దాని భావం. దేశసంపద తరలిపోతోందని దాదాభాయి నౌరోజీ 1901లో ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకంలో లెక్కలు కట్టారు. చిలకమర్తివారికి నాలుగు పాదాలు సరిపోయాయి. దూడ మూతికి చిక్కం కట్టడం చూడనివాళ్లు ఆ సభలో ఎవరుంటారు?

ఉపన్యాసం ముగిసింది గానీ దాని వేడి కాలేజీలోకి పాకింది. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు తగిలించుకుని క్లాసులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఊరుకోలేదు, శిక్షలు వేశాడు. ట్రెయినింగ్ కాలేజీలో పంతులు పనికి తయారవుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు అలా వెలివేయబడ్డవారిలో ఒకరు. మే నెలాఖరున కాకినాడలో, దారిలో వందేమాతరం అన్న పాపానికి ఒక కుర్రాణ్ణి కెంప్ అనే దొర డాక్టరు కొట్టాడు. జనం దొరల క్లబ్బు మీద పడ్డారు. ఒక్క మాట నోట పలకడం నేరం కావడం ఈ ప్రాంతం అప్పుడు చూసింది. గాడిచర్ల 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక రాతలకు జైలుకు వెళ్లారు. బయటికొచ్చాక ఎన్నో ఏళ్లు గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం తిరిగారు. కాలేజీ తలుపు మూస్తే పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించే పని చేపట్టిన ఈ మనిషికి మన పాఠ్యపుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువని నా ఫిర్యాదు.

బెర్నార్డ్ బేట్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తమిళ రాజకీయ ఉపన్యాసం మీద జీవితమంతా పనిచేశారు. ఆయన పోయాక 2021లో మిత్రులు వెలువరించిన పుస్తకంలో ఒక ముఖ్యమైన వాదం ఉంది. వీధిలో నిలబడి, కులం చూడకుండా, ఎదుటివాళ్ల భాషలో అందర్నీ ఉద్దేశించి మాట్లాడటం అన్నది మిషనరీల ప్రసంగాలతో మొదలైందట. స్వదేశీ నాయకులు దాన్ని అందిపుచ్చుకునేదాకా రాజకీయ వేదిక ఇంగ్లిష్ వచ్చినవాళ్ల సొత్తుగానే ఉండిపోయిందట. తమిళం గురించి రాసిన మాటే అయినా, రాజమండ్రిలో పాల్ పక్కన నిలబడ్డ చిలకమర్తిని తలుచుకుంటూ చదివితే మన కథే అనిపిస్తుంది.

బడిలో మాత్రం గ్రాంథికం

చిత్రమేమిటంటే, వేదిక మీద జనం భాష గెలిచిన ఆ కాలంలోనే బడిలో ఓడిపోయింది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో చదివే తెలుగుకూ పొంతన లేదన్నది ఆయన క్లాసులో చూసిన సంగతి. ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్‌కూ అదే సందేహం వచ్చింది. స్కూలు ఫైనల్లో వ్యాసం వాడుక భాషలో రాయవచ్చన్న వీలు కొన్నాళ్లు దొరికింది. దాంతో పండితులు భగ్గుమన్నారు. కోనసీమ బిడ్డ జయంతి రామయ్య పంతులు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి ఎదురు నిలిచారు. గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసినా ఫలితం లేదు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కందుకూరి వీరేశలింగం చివరి రోజుల్లో, 1919లో, రాజమండ్రిలోనే వాడుక భాష సమాజానికి అధ్యక్షుడయ్యారు. కొద్ది నెలలకే కన్నుమూశారు. పాఠ్యపుస్తకానికి ఆ భాష పూర్తిగా ఎక్కడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఈలోగా ఎన్ని తరాల పిల్లలు అర్థం కాని పాఠాలు బట్టీ పట్టారో!

ఈ గొడవలన్నిటినీ కలిపి చదివిన పరిశోధకురాలు లీసా మిచెల్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. 2009లో వచ్చిన ఆమె పుస్తకం అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: 1952లో ఒక మనిషి భాష పేరిట ప్రాణమిచ్చేంత మమకారం ఎక్కణ్నుంచి వచ్చింది? అది అనాదిగా ఉన్నది కాదని ఆమె వాదన. పూర్వం ఒకే మనిషి లెక్కలకు ఒక భాష, పూజకు ఒకటి, దివాణం కాగితాలకు ఇంకొకటి వాడేవాడు. ఏ పనికి ఆ భాష. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చు వాచకాలు, వ్యాకరణాలు, భాషా చరిత్రలు వచ్చి, ప్రతి భాషా అన్ని పనులకూ సరిపోవాలని, ప్రతి మనిషికీ తనదంటూ ఒక్క భాష ఉండాలని నేర్పాయి. తెలుగు తల్లి విగ్రహానికి పునాది వేసింది బడేనన్నమాట. ఇది చదివి కోపం తెచ్చుకునేవాళ్లుంటారు. నాకు మాత్రం వాదనలో పస కనిపించింది.

జీవో 81

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 81 తెచ్చి సర్కారు బడుల్ని ఇంగ్లిష్ మీడియంలోకి మార్చబోయింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అయిదు నెలల్లో వినబడిన మాటలు గుర్తున్నాయా? ఒకవైపు అమ్మ భాష, సంస్కృతి. మరోవైపు ‘మీ పిల్లలు, మనవలు ఏ మీడియం?’ అన్న ఎదురుప్రశ్న. రెండో ప్రశ్నకు మొదటివాళ్లు నేరుగా జవాబు చెప్పగా నేను వినలేదు. పేదలకూ దళితులకూ ఇంగ్లిష్ అందాలని కంచ ఐలయ్య లాంటివారు ఏనాటినుంచో అడుగుతున్నారు, అందులో న్యాయముంది. కానీ క్లాసులో కూర్చున్న పిల్లకు లెక్క అర్థమైందా లేదా అన్నది ఇరువైపులా ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాళ్లు వేరే ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ వారి ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లల్ని అనుసరిస్తోంది. వాళ్ల జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. ఎనిమిదేళ్ల ఈడు వాళ్లలో ప్రైవేటు బడికి వెళ్లేవాళ్లు 2002లో 24 శాతం, 2009 నాటికి 44 శాతం. అంటే జీవో రాకముందే తల్లిదండ్రులు కాళ్లతో ఓటేసేశారు.

ఇంకా విలువైనది కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల ప్రయోగం. 2008 నుంచి నాలుగేళ్లపాటు ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో జరిగింది. లాటరీ తీసి, పేరు వచ్చిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్లయ్యాక చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు జట్లకూ తేడా లేదు. ప్రైవేటు బడులు ఆ రెంటికీ తక్కువ సమయమిచ్చి, సర్కారు ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువతో అంతే ఫలితం తెచ్చాయి. కాబట్టి ప్రైవేటును తేలిగ్గా తీసిపారేయలేం. అయితే తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారిన పిల్లలు మిగతా సబ్జెక్టుల్లో నష్టపోతున్న సూచనలూ అందులో ఉన్నాయి. రెండు వాదాల వాళ్లకూ ఇబ్బందికరమైన లెక్క ఇది. అందుకేనేమో ఏ సభలోనూ దీని ఊసు రాలేదు. తర్వాత వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్, ఈ గొడవంతటిలో కాస్త తెలివైన పనని నా అభిప్రాయం.

ఆ ప్రయోగంలో ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నది ఒకే సబ్జెక్టులో. హిందీలో. కడియపులంక నర్సరీల్లో దీని విలువ చెప్పక్కర్లేదు. అక్కడ అంట్లు కట్టే ఆడవాళ్ల మధ్య మాట తెలుగు. కవరు మీద మొక్క పేరు ఇంగ్లిష్. ఉత్తరాది నుంచి లారీతో వచ్చిన వ్యాపారితో బేరం హిందీ. ఏ పనికి ఆ భాష అని మిచెల్ రాసిన పాత పద్ధతి ఇక్కడ హైవే పక్కన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ బేరం కుదిర్చే గుమస్తాకు హిందీ ఏ బడీ నేర్పలేదు, లారీ డ్రైవర్లు నేర్పారు. ఎన్నికల ఆటోలు ఆ నర్సరీల ముందునుంచే పోతాయి. వాటి మైకుల్లో హిందీ మాట ఇంతవరకు నా చెవిన పడలేదు.