మీకు తెలుసా? పిడుగుతీగలో కాంతిసందేశములు

ఉన్నత వోల్టేజి టవర్ల శిఖరమున, పిడుగుపాటును తనపై వేసికొనుటకై కట్టిన ఎర్తు తీగ గర్భమందే, నేడు అనేక మార్గములలో, మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మందము గల గాజుపోగులు దాగియుండి, రెండు చివరల సబ్‌స్టేషన్లలోని రక్షణ రిలేల సందేశములను కాంతిరూపమున మోయుచున్నవి.

లైనులో ఒకవైపు ప్రవేశించిన కరెంటు రెండవవైపు అంతయు వెలువడుచున్నదా లేదా యని ఈ రిలేలు నిరంతరము పోల్చిచూచుకొనుచు, భేదము హద్దు మీరిన తక్షణమే ఇరువైపుల బ్రేకర్లను ట్రిప్పు చేయును. గాజులో కాంతి కిలోమీటరునకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసికొనును గనుక 200 కిలోమీటర్లు దాటుటకు 1 మిల్లీసెకను చాలును. మన 50 హెర్ట్జ్ విద్యుత్తునకు ఒక్క ఆవృత్తి ముగియుటకే 20 మిల్లీసెకన్లు పట్టును!

అన్నింటికంటె మెచ్చదగిన గుణము మరియొకటి కలదు: ఫాల్టు కరెంటు భూమిలోనికి దిగిన క్షణమున సబ్‌స్టేషను నేల వోల్టేజియే వేల వోల్టులకు పెరుగవచ్చును; అట్టి వేళ దూరస్థలములను కలిపిన రాగి సీరియల్ కేబులు ఆ ప్రమాదమును పరికరములలోనికి కొనిపోవచ్చును గాని, విద్యుద్వాహకము కాని గాజుపోగు నిశ్చింతగా తన పని తాను చేయుచుండును. అయినను, సింగిల్ మోడ్ పోగులో కాంతి నడచు దారి సుమారు 9 మైక్రాన్లే యగుటచే, కనెక్టరు కొనపై కంటికి కానరాని ధూళికణ మొక్కటి నిలిచినను సంకేతము క్షీణించును. కనుకనే నేర్పరులైన సిబ్బంది ఆ కొనను తుడిచి, సూక్ష్మదర్శినితో పరీక్షించి గాని తగిలింపరు.