చేవ్రాలు ఏ చిప్పులో?

బిలాస్‌పూర్‌లోని మంగ్లా నుండి కార్యాలయానికి వచ్చే మాకు ఇప్పుడు కలముకన్న ముఖ్యమైనది డిజిటల్ సంతకపు పరికరం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఆ సంతకాన్ని చేవ్రాలుగా గుర్తించినది. ఆ పరికరం స్మార్ట్ కార్డు అయితే మేలా, యూఎస్‌బీ టోకెన్ అయితే మేలా?

రెండింటిలోనూ రహస్య కీని దాచేది ఒక చిప్పే. సంతకం చిప్పులోనే జరుగుతుంది, కీ బయటకు రాదు. కార్డుకు రీడరు వేరుగా కావాలి. టోకెన్‌లో అది ఇమిడి ఉంటుంది. గేటు వద్ద గుర్తింపునకు కూడా పనికిరావాలంటే కార్డే తగినది. పలు కంప్యూటర్లపై పనిచేసే మా వంటివారికి టోకెనే అనుకూలం.

అయితే ఒకనాడు దానిని కంప్యూటరుకే వదలి, పిన్ సహాయకునికి చెప్పి భోజనానికి వెళ్ళినాము. తిరిగి వచ్చేసరికి మేము చదవని పత్రంపై మా సంతకం! పొరపాటు మాదే. పిన్ ఆనాడే మార్చినాము. టోకెన్‌ను ఇంటి తాళపుచెవుల గుత్తికి తగిలించినాము.