మేతచేపలు, వేటచేపల సమతుల్యత

సొంత కుంటలలో పెంచే చేపలలో, చిన్నచేపలకూ వాటిని తిని బ్రతికే మాంసాహార చేపలకూ మధ్య నిలువవలసిన నిష్పత్తిని మేతచేపలు, వేటచేపల సమతుల్యత అనవచ్చును. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో అనేక కుంటలకు వర్షపు నీరు, నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు ఆధారం. కాలువ నీటితో పాటు పరిగెలు, జెల్లలు, కొర్రమీను పిల్లలు కూడా పిలువని పేరంటానికి వచ్చినట్లు వచ్చి చేరును. కాబట్టి రైతు కట్ల, రోహు (శీలావతి), మృగాల పిల్లలను మాత్రమే వదిలినప్పటికీ కుంటలో వేటచేప ఉండకపోదు.

వేటచేప ఎల్లప్పుడూ శత్రువు కాదు. 1952లో భారతదేశానికి తెచ్చిన జిలేబి చేప (తిలాపియా) కొద్ది నెలల వయసుకే గ్రుడ్లు పెట్టి, ఏడాదిలో పలుమార్లు సంతతిని పెంచును. మేత చాలక అన్నీ గిడసబారి, కుంట నిండా చేపలున్నా అమ్మకానికి పనికివచ్చేవి కొన్నే ఉంటాయి. ఇటువంటి చోట కొర్రమీను పిల్లచేపలను తిని మిగిలినవాటికి ఎదుగుదల కల్పించును. వాలుగ అట్లు కాదు. దాని పెద్ద నోటికి ఎదిగిన పెంపుడు చేపలు సైతం ఆహారమగును గనుక చిన్న కుంటలకు అది తగదు.

సంఖ్య కన్నా పరిమాణం ముఖ్యం. వేటచేప తన నోరు తెరుచుకొనునంత లావు చేపనే మ్రింగగలదు. వెడల్పైన దేహం గల కట్ల త్వరగా ఈ ప్రమాదం దాటును, సన్నని మృగాలకు ఎక్కువ కాలం పట్టును. అందుచేత పెంపుడు చేపలు బాగా ఎదిగిన పిమ్మటనే చిన్న కొర్రమీను పిల్లలను వదలవలెను.

అమెరికాలోని అలబామాలో కుంటలను పరిశీలించిన హోమర్ స్వింగిల్, మేతచేపల మొత్తం బరువు వేటచేపల బరువుకు 3 నుండి 6 రెట్లు ఉండుట మేలని 1950లో తెలిపెను. అయితే ఆ లెక్క అక్కడి బాస్, బ్లూగిల్ చేపలది. కొర్రమీనుకు దానిని యథాతథంగా అన్వయించరాదు. మన కుంటలో వల చెప్పే సాక్ష్యమే నమ్మదగినది. వేలెడంత చేపలే కుప్పలుగా పడినచో వేటచేపలు చాలవు. చిన్నచేపలు కరువై, కొర్రమీనులు తల పెద్దదిగా, ఒడలు చిక్కి కనిపించినచో అవి ఎక్కువైనట్లే. ఆకలిగొన్న కొర్రమీనులు తమ జాతి పిల్లలను కూడా తినును.

అసలు పరీక్ష వేసవిలో వచ్చును. రాష్ట్రంలో అధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. నీరు తగ్గిన కొలదీ మేతచేపలకు దాగుచోటు ఉండదు. నీటిలో ప్రాణవాయువు తగ్గి పెంపుడు చేపలు చచ్చినా, గాలిని నేరుగా పీల్చగల కొర్రమీను బ్రతుకును. పుష్యమాసంలో సరిగా ఉన్న నిష్పత్తి వైశాఖానికి తలక్రిందులగును. కనుక నీరు తగ్గుటకు ముందే పెద్దచేపలను పట్టి అమ్ముకొనుట ఉత్తమం.

కొత్తగా పిల్లలను వదిలేముందు కుంటను ఎండగట్టుట మంచిది. వీలుకానిచో మీటరు లోతు నీటికి హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్పపిండి చల్లి పాత చేపలను తొలగింతురు. దాని విషప్రభావం రెండు మూడు వారాలుండును. అది తీరిన తరువాతనే పిల్లలను వదిలి, నీరు వచ్చే తూము వద్ద సన్నని జాలి కట్టవలెను.