ఆడపిల్లల ఆట – కోచ్ చేతిలో అమానత్

ఆరో తరగతిలో పరుగు పందేనికి ముందుగా పేరిచ్చే అమ్మాయిలు తొమ్మిదికి వచ్చేసరికి మైదానం అంచున కూర్చుండిపోవడం ఉపాధ్యాయులుగా మేము ఏటా చూస్తున్నాం. ఎవరు నేర్పుతారు, తోడెవరు, ఎన్నింటికి ఇల్లు చేరుతుంది అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నలే. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి హదీసుల్లో ఉంది. ఆట తప్పు కాదు, ఆడించే తీరు సరిగా ఉండాలి.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు తొలి అండ తండ్రి జమీల్ అహ్మద్. తర్వాత విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య గ్రహీత ఐ.వి. రావు వద్ద శిక్షణ పొందింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి గాయమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. బాలికగా గెలిచిన పతకానికీ, పెద్దల పతకానికీ మధ్య పదకొండేళ్లు! అంతకాలం ఓపిక పట్టేవారు వెనుక ఉండాలి.

అందుకే కోచ్ పని ఈ ఏడాది కప్పు గెలిపించడంతో తీరిపోదు. ఎదిగే వయసులో ఎముకలు, కీళ్లు ఇంకా గట్టిపడవు. రోజూ ఒకే కసరత్తు చేయిస్తే గాయాలవుతాయి. పన్నెండేళ్లకే ఒక్క ఆటకు కట్టేయకుండా అన్నీ ఆడించాలి. బాగా ఆడే నలుగురినే కాక అందరినీ బరిలోకి దింపాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. త్వరగా అలసిపోయే పిల్లను బద్ధకస్తురాలని తిట్టే ముందు రక్తపరీక్ష చేయించాలి. నెలసరి రోజుల్లో విశ్రాంతి అడిగితే కారణం చెప్పమని అందరి ముందూ నిలదీయకూడదు.

రక్షణ మరీ ముఖ్యం. కోచ్ ఏ అమ్మాయితోనూ ఒంటరిగా ఉండకూడదు. ఫోన్ సందేశాలు తల్లిదండ్రులున్న గ్రూపులోనే పంపాలి. ప్రయాణాల్లో మహిళ తోడుండాలి. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. తలపై వస్త్రం అడ్డంకి కాదు. ఫుట్‌బాల్‌లో 2014లో, బాస్కెట్‌బాల్‌లో 2017లో అంతర్జాతీయ నిబంధనలే అనుమతించాయి.

దాతలకు మా మనవి ఒక్కటే. జెర్సీలు, ట్రోఫీలు ఇచ్చేవారు దొరుకుతారు. మహిళా కోచ్ జీతం, సాయంత్రం ఆటో ఖర్చు, రోజుకో గుడ్డు, గాయమైతే వైద్యం వంటివి ఫొటోల్లో కనబడవు గనుక వాటికి ముందుకొచ్చేవారు తక్కువ. రాజమహేంద్రవరంలోనైనా, భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా ఆడపిల్లను మైదానంలో నిలబెట్టేవి అవే. కోచ్‌ను పెట్టే ముందు పై నియమాలు రాతపూర్వకంగా అడగండి. పిల్ల తల్లిదండ్రులు మనకు అప్పగించిన అమానత్. మీ సదకాను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.